వేళ్ళు లెక్కపెట్టను

కంటి పట్టీ తీసిన మర్నాడు నన్ను చూడ్డానికి వచ్చిన మొదటి మనిషి మా పైపోర్షన్‌లో కిరాయికి ఉండే ఆవిడ. వచ్చింది, కూర్చోలేదు. ఒక చేత్తో నా ఎడమ కన్ను మూయబోతూ, రెండో చెయ్యి నా ముఖం ముందు ఆడిస్తూ, "ఇవెన్నో చెప్పండి చూద్దాం" అంది. నేను ఆ చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టాను.

"చేతులు కడుక్కోకుండ నా కంటి దగ్గరికి రావొద్దండి. లెక్కలు నేర్చుకోనీకె నేను బడికి పోతలేను" అన్నాను.

ఆవిడ ముఖం మాడ్చుకుని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆపరేషనయ్యాక దీనికి కళ్ళు నెత్తికెక్కాయని వీధిలో చెప్పిందట. నెత్తికెక్కితే ఎక్కాయి, కనీసం ఎక్కడో ఒకచోట ఉన్నాయి కదా అనుకున్నాను.

నేను నిజాంపేటలో ఆడవాళ్ళకు స్కూటీ నేర్పిస్తాను. హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు, హాస్టళ్ళలో ఉండి ఆ బిల్డింగుల్లోనే కంప్యూటర్ల ముందు కూర్చునే అమ్మాయిలు, అందరూ నా దగ్గరికే వస్తారు. ఇంకా ఇళ్ళు కట్టని ఒక ప్లాట్ల వెంచర్‌లో ఖాళీ రోడ్లుంటే, పొద్దున్నే అక్కడ నేర్పేదాన్ని. అక్కడే ఒకరోజు ఒకామె బండి తుమ్మకంప మీదికి పోనిచ్చింది. ఆపబోయి నేను ముందుకు వంగితే ముల్లు నా కుడికంట్లో గీసుకుంది. పుండయింది, మందులతో మానింది. మానాక నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చలోంచి వెలుగు తప్ప మనిషి కనిపించలేదు. ఆ పైపొర తీసేసి, చనిపోయిన ఎవరిదో మంచి పొర పెట్టి కుట్టడమే దారి అన్నారు.

కుట్టారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నాతో గట్టిగానే మాట్లాడింది. "ఇది బల్బు మార్చినట్టు కాదమ్మా, పెట్టగానే వెలగదు. కుట్లు ఉన్నన్నాళ్ళూ చూపు రోజుకో తీరుగా ఉంటుంది. ఏడాది పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు. దానికి భయపడకు. కానీ కన్ను ఎర్రబడ్డా, నొప్పి పుట్టినా, వెలుగు చూడలేకపోయినా, నిన్నటికంటే ఇవాళ మసకైనా, ఆగకుండా ఆ రోజే రా. ఒళ్ళు ఆ పొరను పరాయిదని తరమడానికి చూస్తుంది. నేను చెప్పేదాకా బండి ముట్టుకోకు."

చివరి మాట ఒక్కటే మా అత్తమ్మ చెవిన పడింది. ఇంటికి రాగానే బండి తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. అంతకుముందే మూసాపేటలో తన పుట్టింటి పోచమ్మకు మొక్కింది. నా కన్ను మునుపటిలెక్క అయితే వెండి కండ్లు పెడతానని. అప్పటినుంచీ ఆ "మునుపటిలెక్క" అన్న మాట నా వెంట పడింది. మునుపటిలెక్క అయినంకనే తాళం, మునుపటిలెక్క అయినంకనే మొక్కు.

మునుపటిలా ఎక్కడవుతుంది? మొదటి రోజుల్లో ఆ కంటికి లోకమంతా మజ్జిగ తాగి కడగని గాజుగ్లాసులోంచి చూసినట్టు ఉండేది. పొద్దున లేవగానే మసక చిక్కగా, మధ్యాహ్నానికి పలచబడేది. నాకు కనిపించకపోవడం కంటే రెండు కళ్ళూ ఒకదాని మాట ఒకటి వినకపోవడమే పెద్ద పరేషాన్. టీ పోస్తే కప్పు పక్కన పడేది. మెట్టు ఉందనుకున్నచోట ఉండేది కాదు. మసక తగ్గాక ఇంకో తమాషా మొదలైంది. మెట్రో స్తంభాలు నడుం నొప్పి వచ్చినట్టు వంకరగా నిలబడేవి. దూరంగా బిల్డింగుల మీద వెలిగే అక్షరాలకు తోకలు మొలిచేవి. కుట్లు లాగుతున్నందుకు అలా ఉంటుందని, ఒక్కొక్కటే తీస్తుంటే సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మాను. నమ్మడం నాకు కష్టం కాలేదు, ఆమె ఒక్కతే నాకు అబద్ధం చెప్పలేదు కాబట్టి.

వచ్చినవాళ్ళు మాత్రం వేళ్ళతోనే వచ్చేవారు. అరటిపళ్ళు ఒక చేతిలో, వేళ్ళు ఒక చేతిలో. "గివెన్ని?", "ఇదేం రంగు?", "మునుపటిలెక్క కనవడుతుందా?" అని. లేదంటే చప్పరించి, "పాపం, పైసలు దండుగాయె" అనేవారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నాకూ మసక చూస్తే ఏడుపు రాలేదు, ఆ చప్పరింతలకు ఒళ్ళు మండింది. నేను ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికీ వేళ్ళు లెక్కపెట్టి చెప్పను. నాకెంత కనబడుతుందో నాకు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు. మూడో మనిషికి పరీక్ష ఇవ్వను.

మా ఆయన కంపెనీ బస్సు నడుపుతాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఒకరోజు మియాపూర్ నుంచి ఎవరినో వెంటబెట్టుకొచ్చి, "బండి ఊకెనే ఎండల పడుంది, వీళ్ళు తీస్కుంటరట" అన్నాడు. ఆ బండి పోతే నేను నేర్పడమూ పోతుంది, బండి లేని ఆడవాళ్ళంతా దానిమీదే నేర్చుకునేది. నేను నోరు తెరిచేలోపే ఆయన తాళం కోసం వాళ్ళమ్మ దగ్గర చెయ్యి చాపాడు.

మా అత్తమ్మ కొంగు లాక్కుంది. "నీకెందుకియ్యాల్రా? దాని కన్ను బాగైనంక దానికిస్త. అప్పటిదాంక దేవుడడిగినా ఇయ్య" అంది.

ఆ వచ్చినవాళ్ళు మా ముగ్గురి ముఖాలూ చూసి వెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆ కొంగుముడి నన్ను కట్టిపడేయడానికే అనుకున్నాను. అది బండిని కూడా కాపాడుతోందని ఆరోజు అర్థమైంది. అయినా ఆమెతో కొట్లాట మానలేదు, అది వేరే సంగతి.

దుమ్ములోకి వెళ్ళొచ్చని డాక్టరమ్మ అన్నాక, పక్కలు కూడా మూసిన నల్లద్దాలు పెట్టుకుని మళ్ళీ వెంచర్‌కు వెళ్ళాను. సొంత బండ్లున్నవాళ్ళకు నిలబడి నేర్పాను. కన్ను సరిగా లేనిదాని దగ్గర ఏం నేర్చుకుంటారని ఎవరో అంటే, "బ్రేకు మీ చేత్తో వేస్తరు, నా కంటితో కాదు" అన్నాను. వాళ్ళు నేర్చుకున్నారు. ఒక్కరూ తుమ్మకంప దిక్కు పోలేదు.

కుట్లు సగం తీశాక ఒక పొద్దున లేచేసరికి కన్ను ఎర్రగా ఉంది. కిటికీ వెలుగు సూదిలా గుచ్చుకుంది. నిన్న కనిపించిన క్యాలెండరు అంకెలు ఇవాళ లేవు. "నిద్ర తక్కువైంది, జరసేపు పండుకో" అంది అత్తమ్మ. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను పడుకోలేదు. ఆటోలో మెట్రో స్టేషన్‌కు, మెట్రోలో దవాఖానకు ఒక్కదాన్నే వెళ్ళాను. నిజం చెప్తున్నాను, ఇంతదూరం వచ్చాక మళ్ళీ చూపు పోతుందేమోనని రైల్లో ఏడ్చాను. ఎవరో పేరు తెలియని మనిషి తన కన్నిస్తే, నా ఒళ్ళు దాన్ని పరాయిదని గెంటుతోంది. నాకు నా ఒంటి మీదే కోపమొచ్చింది. పరాయిదేంటి, ఇది నాది, ఎవడు తరుముతాడో చూస్తా అని నాలో నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

వెంటనే వచ్చావు కాబట్టి సరిపోయింది అంది డాక్టరమ్మ. చుక్కలు గంటగంటకూ వేయమంది. ఎరుపు మెల్లగా దిగింది, అంకెలు క్యాలెండరు మీదికి తిరిగొచ్చాయి.

కుట్లన్నీ తీసి, కొత్త అద్దాలిచ్చి, డాక్టరమ్మ గోడమీది అక్షరాలు చదివించింది. పై వరుసలు వచ్చాయి. అడుగు వరుసలు ఎంత గింజుకున్నా రాలేదు. "ఈ కంటికి ఇంతకంటే గొప్పగా రాకపోవచ్చు. కానీ రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయి. పగటిపూట బండి తియ్యి. చుక్కలు మాత్రం మానకు" అంది. నాకు ఆ గదిలోనే ఎగరాలనిపించింది.

ఇంటికొచ్చి తాళం అడిగాను. మా అత్తమ్మ లేచి నిలబడింది. ఏడాదిగా ఎన్నడూ అడగని మనిషి, నా ముఖం ముందు చెయ్యి పెట్టింది.

"గివెన్ని? చెప్పు, ఇస్త."

"చెప్ప."

"కనవడుతలేదా?"

"కనవడుతుంది. చెప్ప. డాక్టరమ్మ తియ్యమన్నది, నువ్వు తాళమియ్యి."

"మునుపటిలెక్క అయ్యిందా మరి?"

"కాలే. కాదు కూడా. గింతే ఉంటది."

ఆమె కూలబడింది. "మరి మొక్కెట్ల దీర్చాలె? మునుపటిలెక్క అయితేనే అని మొక్కితి గదా" అంది. ఆమె భయం నాకు అప్పుడు తెలిసింది. కన్ను పూర్తిగా రాకుండా వెండి కండ్లు పెడితే, అమ్మవారు అక్కడితో ఆపేస్తుందేమోనని.

నాకు కోపం ఆగలేదు. "అత్తమ్మా, నాకు కన్నిచ్చిన మనిషి ఎవలో మనకెరుకలేదు. గిట్ల కనవడితేనే ఇస్త, గట్ల కనవడితేనే ఇస్త అన్నడా? ఉత్తగ ఇచ్చి పోయిండు. మనమేంది, అమ్మతోని బేరమాడుతున్నం?"

ఆమె కొంగు ముందుకు లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది. ఏడాది ముడి, తొందరగా రాలేదు. పళ్ళతో లాగింది.

"నన్ను ఎక్కించుకొని పోతవా, మూసాపేటకు?" అంది. నా బండి మీద ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

పసుపు గుడ్డలో వెండి కండ్లు, తలమీద హెల్మెట్, నోట్లో అమ్మవారి పేరు. నిజాంపేట నుంచి మూసాపేట దాకా నా నడుం పిండి పిప్పిచేసింది. నేను నెమ్మదిగా, ఎడమ పక్కనుంచే పోయాను. గుళ్ళో ఆ కండ్లు అమ్మవారి ముందు పెట్టి, "మునుపటిలెక్క కాలె తల్లీ. అయినా తీస్కో. నా కోడలు తీస్కోమంటుంది" అంది. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

తిరిగొస్తుంటే నిజాంపేట చౌరస్తాలో ఎర్రలైటు పడింది. రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఆగాను. కుడివైపు అద్దంలో ఏదో కదిలింది. మా అత్తమ్మ చెయ్యి. నా భుజం మీదుగా మెల్లగా లేచి, వేళ్ళు విప్పుకుని అద్దానికి ఎదురుగా నిలబడింది.

నేను ఎడమ కన్ను మూశాను. అంచులు కాస్త చెదిరాయి కానీ వేళ్ళు వేళ్ళలాగే ఉన్నాయి. ఏడాదిగా ఎవరికీ చెప్పని లెక్క అది. కానీ వాళ్ళందరూ నాకు అడ్డంగా ఎదురు నిలబడి అడిగారు. ఈమె నా బండెక్కి, నా వెనక కూర్చుని అడుగుతోంది.

"నాలుగు" అన్నాను. "ఇగ చెయ్యి దించి గట్టిగ పట్టుకో అత్తమ్మా, పచ్చలైటు పడ్డది."