ఉద్వాసన చెప్పని కలశం

రావివలసలో నెత్తిన కప్పు లేకుండా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడిన మల్లికార్జున స్వామీ, నీకు జయం. చాటు కోరని దేవుడివి నువ్వు. అందరి లోపలా కూర్చుని అన్నీ చూసేవాడివి. నీ పేరు పలికే అర్హత ఈ నోటికి ఉందో లేదో తెలియదు. అయినా నీ పేరుతోనే మొదలుపెడుతున్నాను.

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పూజలో కూర్చున్నా అది దిగదు. చదివే మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పలాసలో మా భజన మండలికి నేను పెద్దగా ఉండేవాణ్ని. చిన్నప్పుడు తాతగారి దగ్గర కూర్చుని శ్లోకాలు నేర్చుకున్నాను. కార్తీకం వస్తే నెల పొడుగునా పురాణం చదివి అర్థం చెప్పేవాణ్ని. అందరూ గురువుగారు అనేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా తల వంగేది. చూసేవాళ్లు వినయమనుకునేవారు.

పొట్టకూటికి చేసింది మాత్రం జీడిపిక్కల గోడౌనులో ఇన్‌ఛార్జి ఉద్యోగం.

ఆ కంపెనీ పేరు రాయను. యజమానిని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. నేను చేరేనాటికి ఆయనకున్నది ఒక రేకుల షెడ్డు, పిక్కలు ఉడకబెట్టే ఒక బాయిలరు, పప్పు ఒలిచే కొద్దిమంది ఆడవాళ్లు. సైకిలు మీద ఉద్దానం ఊళ్లన్నీ తిరిగి, తోటలోనే పిక్క కోసి చూసి బేరం చేసుకునేవారు. నా కళ్లముందే ఆ షెడ్డు పెరిగింది. ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత కొబ్బరిపీచు, బారువ వైపు రొయ్యల చెరువులు, హైవే పక్కన కోల్డ్ స్టోరేజీ, హోటళ్లు, ఇళ్ల స్థలాలు. విశాఖలో అద్దాల ఆఫీసు లేచింది. కంపెనీ అనడం మానేసి గ్రూపు అనడం నేర్చుకున్నాం. పెద్దాయన చుట్టూ టైలు కట్టుకున్న డైరెక్టర్లు చేరారు.

ఫ్యాక్టరీ ఆవరణలో మా మండలికి ఒక మందిరం కట్టించారు. ప్రారంభం రోజున నాకు శాలువా కప్పి, ఈ గ్రూపు నడుస్తున్నది ఈయన పూజ వల్లే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ మాట నమ్మాను. అక్కడే చెడ్డాననుకుంటాను.

గోడౌనులోని పిక్కల బస్తాలు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం మా వ్యాపారంలో మామూలే. మూడు నెలలకోసారి బ్యాంకు ఆఫీసరు వచ్చి బస్తాల వరసలు చూసి వెళతాడు. గ్రూపు ఒక్కో కొత్త వ్యాపారంలో కాలు పెట్టేకొద్దీ, అప్పుకు చూపించిన పిక్కలు వెనక గుమ్మంలోంచి అమ్మకానికి వెళ్లిపోసాగాయి. వాటి చోట తొక్కు నింపి కుట్టేసిన బస్తాలు పెట్టమన్నారు. పప్పు తీశాక మిగిలే జీడితొక్కుకు మా దగ్గర కొదవేముంది? ముందు రెండు వరసలు పిక్క. వెనకంతా తొక్కు.

ఒకరోజు పెద్దాయన పిలిచి, ఆఫీసరు ముందు వరసలు దాటి వెళ్లకుండా చూసుకోమన్నారు. ఎలాగో చెప్పలేదు. ఆయన అడిగింది అంతవరకే. ఆయన మోసాలన్నీ తర్వాత పేపర్లలో వచ్చాయి. కానీ ఆ తర్వాత నేను చేసింది ఏ పేపర్లోనూ రాలేదు. అది నా బుర్రలో పుట్టింది.

మా వైపు కొత్త పిక్క దిగినప్పుడు బస్తాల ముందు కలశం పెట్టి పూజ చేస్తారు. కలశంలోకి దేవుణ్ని పిలిచాక, మళ్లీ ఉద్వాసన చెప్పి సాగనంపేదాకా దాన్ని కదపకూడదు, దాటకూడదు. మామూలుగా పొద్దున పెట్టి సాయంత్రానికి ఉద్వాసన చెప్పేస్తాం. నేను ముందు వరసలకూ వెనక వరసలకూ మధ్యన, గోడౌనుకున్న ఒకే ఒక్క నడవలో కలశం పెట్టాను. ముగ్గు వేశాను. దీపం వెలిగించాను. తొక్కు ఘాటు ముక్కుకు తగలకుండా సాంబ్రాణి పొగ నింపాను. ఉద్వాసన చెప్పలేదు.

ఆఫీసరు వచ్చాడు. అతను మాల వేసుకుని ఉన్నాడు. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు. కలశం చూడగానే ఆగి చేతులు జోడించాడు. ఇంకా ఉద్వాసన కాలేదండీ అన్నాను. అయ్యో, అలా ఉండనివ్వండి అన్నాడు. ప్రసాదం కళ్లకద్దుకుని, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

నేనన్నదాంట్లో అబద్ధం లేదు. చూశారా నా తెలివి? నాలుకకు మైల అంటకుండా, దేవుణ్నే తీసుకొచ్చి అబద్ధానికి అడ్డంగా నిలబెట్టాను. ఆ తర్వాత తనిఖీకి ఎవరొస్తున్నా ముందే నడవలో కలశం వెలిసేది. ఆ కలశంలో ఆయన నిజంగా ఉన్నాడా? ఉంటే ఎలా ఊరుకున్నాడు? లేకపోతే, నలుగురి ముందూ కళ్లు మూసుకుని ఇన్నేళ్లూ నేను పిలిచింది ఎవరిని?

ఇక దాలయ్య సంగతి చెప్పాలి. ఇంతసేపూ అతని చుట్టూ తిరుగుతున్నానే గానీ దగ్గరికి పోలేకపోతున్నాను.

దాలయ్య బస్తాలు మోసే కళాసీల మేస్త్రి. బారువ దగ్గరి ఊరు. భజనలో తాళం వేసేవాడు. పురాణం రోజున అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేవాడు. చదువు రాదు. విన్న కథ విన్నట్టు ఇంటికెళ్లి భార్యకు చెప్పేవాడు.

ఒక ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. వెనక వరసలు పేర్పిస్తున్నాను. మూడో బస్తా దించి దాలయ్య నా దగ్గరకొచ్చాడు.

“ఏటి గురువుగారూ, ఈ వయసులో నాకు బలమొచ్చీసిందేటి? బత్తా ఎత్తితే దూది మూటలాగుంది!”

“మేస్త్రికి పీతల కూర పడినట్టుందిరా, ఇంకాగడు!” అన్నాడు వెనకనుంచి ఒక కళాసీ. అందరూ నవ్వారు.

“పాత పిక్క దాలయ్యా. ఆరిపోయి ఉంటుంది,” అన్నాను.

“ఆరితే మాత్రం ఇంతలా ఆరిపోద్దేటండీ? నానైతే మీ మాట ఇంటాను. నా బుజం ఇనదండి. నలబయ్యేళ్ల నుంచి మోత్తంది అది.”

నవ్వుతూనే అన్నాడు. కానీ నా ముఖంలోకి చూస్తున్నాడు. నా చేతిలో కలశం కింద పెట్టే పీట ఉంది.

“దేవుడి మీద ఒట్టు దాలయ్యా. పిక్కే.”

అతని నవ్వు పోయింది.

“అయ్యయ్యో, ఒట్టెందుకండీ? మీరు సెప్తే సాలదేటి?”

నా చేత ఒట్టు పెట్టించినందుకు తన చెంపలు తానే వాయించుకున్నాడు. వెళ్లి నాలుగో బస్తా భుజానికెత్తుకున్నాడు.

రెండేళ్లకు అంతా బయటపడింది. డైరెక్టర్లకు తమలో తమకు చెడి, ఒకాయన బ్యాంకుకు ఉత్తరం రాశాడు. పోలీసులు వచ్చి బస్తాలు కోస్తే తొక్కు కుప్పగా రాలింది. పెద్దాయన అరెస్టయ్యారు, బయటికొచ్చారు. ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, పప్పు ఒలిచే ఆడవాళ్లు రోడ్డున పడ్డారు. మందిరం ఒక్కటీ మా మండలి చేతిలో మిగిలింది. కంపెనీ తరఫువాళ్లు మాత్రం, తొక్కు సంగతి మాకు తెలియదు, కళాసీలే పిక్క దొంగిలించి తొక్కు నింపారు అన్నారు.

పోలీసులు నన్ను అడిగింది ఒకటే. వెనక బస్తాలు పేర్చింది ఎవరు?

మేస్త్రి, అన్నాను.

అదీ నిజమే. ఎవరు పేర్చమన్నారని వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు. ఆ ఒక్క మాట రాసుకుని, కింద నా చేత సంతకం పెట్టించుకున్నారు.

దాలయ్య జైలుకెళ్లాడు. బెయిలు మీద వచ్చాడు. అప్పటినుంచి టెక్కలి కోర్టుకు వాయిదాల కోసం తిరుగుతూనే ఉన్నాడు. ఏ గోడౌనులోనూ అతన్ని బస్తా ముట్టనివ్వరు. ఊళ్లో పిక్కల దొంగ అని పేరు పడింది. ఇంత జరిగినా, పిక్కే అని నేను ఒట్టు పెట్టిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నన్ను కూడా కంపెనీవాళ్లు మోసం చేశారని అతని నమ్మకం. నన్ను ఇందులోకి లాగితే తనకు పాపమట. వకీలుతో అలాగే అన్నాడట. వాయిదాకు వెళ్లేముందు నా దగ్గరకొచ్చి తీర్థం పుచ్చుకునేవాడు. నేను పోసేవాణ్ని. ఈ చేత్తోనే.

నేనెందుకు చెప్పలేదు? భయం. జైలంటే కొంత. అంతకన్నా ఎక్కువగా, మందిరంలో నా పీట ఖాళీ అవుతుందని. దేవుడికి సేవ చేసేవాడు ఒకడుండాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఒక మనిషిని కాలికింద వేసుకుని నిలబడి చేసేది సేవ ఎలా అవుతుందని ఒక్కసారైనా అడుక్కోలేదు.

పోయిన కార్తీకంలో ఒక సోమవారం పురాణం అయ్యాక దాలయ్య చాపలు చుడుతూ నాతో ఒక సంగతి చెప్పాడు. అతని భార్య కొబ్బరితోటలో కూలికి వెళితే, సాయంత్రం వచ్చేటప్పుడు సంచి దులిపి చూపించి వెళ్లమంటున్నారట. తోటలో అంతమంది కూలీల్లో ఆమె ఒక్కదాన్నే. చెప్పి, చాపలు గోడకు ఆనించి, నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

“ఏ జన్మలోనో పాపం సేసుంటాను గురువుగారూ. అదేటో మీరు సూసి సెప్పండి. పరిహారం సేసుకుంతాను.”

మర్నాడు పొద్దున అతని ఇంటికి వెళ్లాను. భార్య కూడా అక్కడే ఉంది. కలశం సంగతి, ఒట్టు సంగతి, పోలీసుల దగ్గర నేనన్న ఒక్క మాట, అన్నీ చెప్పాను. దాలయ్య మోకాళ్లు ముడుచుకుని, పురాణం విన్నట్టే విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. అంతా అయ్యాక తలెత్తాడు.

“మరి ఇన్నాళ్లూ నాను ఇన్న పురాణం ఏటయిపోద్ది?” అన్నాడు.

చివర గురువుగారూ అనలేదు.

అతని భార్య నా ముందు పెట్టిన నీళ్ల గ్లాసు తీసుకెళ్లి మొక్క మొదట్లో పారబోసింది. లేచి వచ్చేశాను. ఎవరూ ఆగమనలేదు.

అటునుంచి అటే దాలయ్య వకీలు దగ్గరకెళ్లి అంతా రాసిచ్చాను. మీరూ ముద్దాయి అవుతారు, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. వచ్చే వాయిదాకు టెక్కలి వెళుతున్నాను. మండలిలో కూడా చెప్పాను. పురాణం పుస్తకం వాళ్లకు అప్పగించేశాను. కొందరు ఏడ్చారు. కొందరు అప్పటినుంచి నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు.

క్షమించమని దాలయ్యను అడగలేదు. అడిగితే, ఆ మంచితనంతో ఇచ్చేస్తాడేమోనని భయం. స్వామిని కూడా అడగడం లేదు. కానీ చెప్పేశాక ఒకటి జరిగింది. అన్నం మింగుడు పడుతోంది. ఇంతకు మించి నాకు ఏమీ దొరకలేదు. దొరకకూడదు కూడా.

ఇంతదాకా చదివిన మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. నా పేరు కోర్టులో చెబుతాను. ఇక్కడ ఉండాల్సింది అతని పేరు. అక్కడ నా నోరు మళ్లీ సగం నిజం దగ్గర ఆగిపోకుండా ఉండాలి. అందుకోసం ఒక్కసారి చేతులు జోడించి, నాతో కలిసి ఈ ఒక్క మాట అనండి.

స్వామీ, దాలయ్య దొంగ కాదు.