మైనం పట్టించని దారం

మొన్న మా మనవరాలు ఏ.ఎస్. రావు నగర్‌లోని తన బట్టలు కుట్టే దుకాణానికి కొత్త రంగులు వేయిస్తుంటే నేను ఓ మూల కుర్చీ వేసుకుని, పని చేసేవాళ్ళకు పనికిరాని సలహాలన్నీ ఇస్తూ కూర్చున్నాను. తొంభై దాటాక మనకు మిగిలే ఉద్యోగం అదొక్కటే కదా. రంగులేసే అతను నా పాత కుట్టుమిషను దగ్గరికి వచ్చి, దాని పైన గోడకున్న మేకునూ, మేకుకు వేలాడుతున్న ముడుల దారాన్నీ చూసి, "అమ్మా, గీ దారం తీసి మేకు పీకేస్త, గోడ సాఫ్ అయితది" అన్నాడు. వద్దన్నాను. అతను మర్యాదగానే ఇంకోసారి అడిగాడు. నేను మర్యాద మరిచిపోయి అరిచాను. పాపం, అతనికేం తెలుసు, నా గోడ మీది దారం తీసెయ్యమన్న మొదటి మనిషి తను కాడని?

మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదు కార్ఖానాలో స్థిరపడ్డవాళ్ళు. నాన్న మిషన్ బడిలో పంతులు. ఆయన పోయేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అమ్మకేమో చూపు మందగిస్తోంది, ఇంట్లో ఉన్న ఆస్తల్లా ఒక కుట్టుమిషను. వీధిగదిలో దాన్ని కిటికీ పక్కకు జరిపి దుకాణం అనేశాను. ఆడపిల్ల దుకాణం పెట్టడమేమిటని చర్చిలో బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే, క్రిస్మస్ ముందు రవికెల గుడ్డలు పట్టుకుని అందరికంటే ముందు వచ్చారు.

అమ్మకు అంకెలు రావు, అందుకని ఆమె కొలతలన్నీ దారంతోనే. మనిషికో నూలు దారం, భుజం దగ్గర ఒక ముడి, ఛాతీకి రెండు, చేతికి మూడు, నిడివికి నాలుగు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు దుకాణానికి రారు గనుక మేమే వెళ్ళి దారంతో కొలిచి, ముడులేసి, తెచ్చి గోడ మేకులకు తగిలించుకునేవాళ్ళం. ఈ పద్ధతికి ఒక నియమం ఉంది. పచ్చి నూలు తడి తగిలితే ముడుచుకుపోతుంది కాబట్టి, కొలిచే ముందే దారాన్ని ఒక పూట నానబెట్టి, ఆరబెట్టి, మైనం పట్టించాలి. ఆ మైనం మా వెనక వీధిలో గుర్రపు జీనులు కుట్టే సాయిబుగారు ఇచ్చేవారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబం వాళ్ళది. ఆయన భార్య నాకు చాచీ, అంటే పిన్ని వరస. చాచీ వల్లే ఆ వీధిలోని పది పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళ బట్టలు నా చేతికొచ్చాయి.

చాచీ వీధి ఒకటి, మిషన్ బడి పిల్లల గౌన్లు ఒకటి, తిరుమలగిరిలో మిలిటరీ బట్టల పని పట్టిన కంట్రాక్టరు పంపే ఖాకీ చొక్కాలు ఒకటి, ఇవీ నా మూడు పడవలు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. మూడింటి మీద పెట్టి, నాలుగోది వస్తే దాన్నీ ఎలా అందుకోవాలా అని చూసిన రోజులవి. పొద్దున ఖాకీ, మధ్యాహ్నం గౌన్లు, వెలుతురు తగ్గేలోపు చాచీ వీధి కుర్తాలు. ఎవరొచ్చి అడిగినా మీదే మిషను మీదుందని చెప్పేదాన్ని. బడి టీచరమ్మ వీధి మలుపులో కనబడితే ఖాకీ గుడ్డ లాగేసి గౌను పెట్టడంలో నాకున్న చురుకు సర్కసువాళ్ళకు కూడా ఉండదు. అబద్ధమాడిన పాపం కాస్త నాదే, కానీ చెప్పిన రోజుకు బట్ట ఇవ్వకపోవడం అన్న పాపం మాత్రం నేనెరగను.

పోలీసు యాక్షనుకు ముందు నెలల్లో, నిజాం పక్షాన రజాకార్లు జోరు మీదున్నప్పుడు, మనవాళ్ళలో దర్జీలుండగా ఆ కిరస్తానీ పిల్లకెందుకు ఇస్తున్నారని చాచీని ఎవరో గట్టిగానే అడిగారట. అడిగినవాళ్ళు అడగదగ్గవాళ్ళు కాదు, జవాబు తప్పితే ప్రాణం మీదికి వచ్చే కాలం. మా కొలతలు ఆమె దగ్గరున్నాయని చెప్పి ఊరుకుందట ఆ మహాతల్లి. ఆ సంగతి నాకు చాచీ చెప్పలేదు, సాయిబుగారు మైనం ముద్ద చేతిలో పెడుతూ నవ్వుతూ చెప్పారు.

తర్వాత నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చింది. కొద్ది రోజులు వీధుల్లో మనిషి అలికిడి లేదు. తలుపులు తెరుచుకున్నాక చూస్తే కొన్ని ఇళ్ళ భయం పోయింది, కొన్ని ఇళ్ళకు కొత్త భయం వచ్చింది. చాచీ వీధిది ఆ రెండో భయం. జిల్లాల్లోని చుట్టాల కబురు తెలియక ఏడుపులు, మగవాళ్ళు గడప దాటకపోవడం. ఆ పరిస్థితిలోనే చాచీ కూతురి నిఖా తొందరగా, వచ్చే శుక్రవారమే జరిపించాలనుకున్నారు. బడి సోమవారం తెరుస్తున్నారు. కంట్రాక్టరుకు శనివారానికల్లా ఎన్నడూ లేనన్ని చొక్కాలు కావాలి. అన్నీ ఒప్పుకున్నాను. నా నోరు కాదనడం నేర్చుకోలేదు మరి. ఆ హడావిడిలో పెళ్ళికూతురి కొలతకు దారం సిద్ధంగా లేకపోతే, ఒక్కసారికేమవుతుందిలే అని పచ్చి దారంతోనే కొలిచి తెచ్చాను. మైనం ఇచ్చే ఇంటి పిల్లకే మైనం పట్టించని దారం.

మంగళవారం నాడు కంట్రాక్టరు స్వయంగా దుకాణానికొచ్చాడు. చొక్కాలు చూసి మెచ్చుకుని, మిషను పక్కన మడిచి ఉన్న ఎర్ర కుర్తా గుడ్డ ఎవరిదని అడిగాడు. చెప్పాను. అతను కిటికీ పక్క మేకు మీదున్న పెళ్ళికూతురి దారాన్ని వేలితో ఊపి, "గా దారం తీసెయ్ బిడ్డా. గాళ్ళ పని బంద్ చెయ్. ఇప్పుడు జమానా మనది, మనోళ్ళ పనే చేసుకో. లేకుంటే మిలిటరీ పని సుత ఉండదు" అన్నాడు. బెదిరింపు కూడా కాదు, ఆడపిల్లకు మంచి చెబుతున్నానన్న ధీమా. ఇంట్లో తినే అన్నంలో సగానికి పైగా ఆ ఖాకీదే. చూపు మందగించిన అమ్మ లోపలి గదిలో వింటోంది. నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. తల వంచుకుని మిషను తొక్కాను. దుకాణం నడిపిన అరవై ఏళ్ళలో నేను సిగ్గుపడే పని ఏదైనా ఉందంటే ఆ మౌనమే.

ఆ రోజంతా వాన. మా పెంకులు కారడం, గోడ తడవడం మామూలే. బుధవారం పొద్దున చూస్తే, కిటికీ చెక్కను తాకుతూ ఉండాల్సిన పెళ్ళికూతురి దారం రెండు వేళ్ళు పైకెక్కి ఉంది.  వానకు అప్పటికే ముడుచుకున్న ఆ దారంతోనే ముందురోజు సాయంత్రం నేను కుర్తా కత్తిరించేశాను. మళ్ళీ కొలవాలి, వాళ్ళ ఇంటికి వెళ్ళాలి, వెళ్ళాలంటే కంట్రాక్టరు గోదాము ముందునుంచే దారి. మరెవరితోనైనా పాత కుర్తా ఒకటి తెప్పించుకుంటే గుట్టుచప్పుడు కాకుండా పని అయిపోతుంది. ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ కొత్త దారం తీసి నీళ్ళలో వేసింది.

దారం ఆరి మైనం పట్టేసరికి సాయంత్రమైంది, వాన వెలిసి నీరెండ కాస్తోంది. ఆ దారాన్ని చేతి సంచిలో దాచుకుని వెళ్ళొచ్చు, కానీ దాచలేదు. మెడలో దండలా వేసుకుని బయలుదేరాను. గోదాము గడపలో కంట్రాక్టరు నిలబడే ఉన్నాడు. అతని ముందునుంచే నడిచాను, ఆగలేదు. చాచీ తలుపు సందులోంచి చూసి, "ఏందమ్మా, గిట్ల అందరు సూస్తుంటే వచ్చినవ్, నీకు తక్లీఫ్ అయితది" అని నన్ను లోపలికి లాగింది. నా తప్పు చెప్పుకుని ఏడ్చేశాను. పెళ్ళికూతురు మాత్రం పకపకా నవ్వి, చేతులు చాపి కొలతకు నిలబడింది. ఆ ఇంట్లో ఎన్నో రోజుల తర్వాత వినబడ్డ నవ్వు అదేనని చాచీ అంది.

కుర్తా పక్కలు విప్పి వెడల్పు సరిచేశాను. నిడివికి దుపట్టా గుడ్డలోంచి రెండు వేళ్ళ పట్టీ తీసి కింద అతికి, అతుకు మీద జరీ కుట్టాను. శుక్రవారం నిఖా అయింది. ఆ ఏడాది ఆ వీధి పిల్లలంతా కింద పట్టీ ఉన్న కుర్తాలే కావాలన్నారు, అదేదో నా గొప్పతనమైనట్టు!

నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చిన మర్నాడే కంట్రాక్టరు మనిషి వచ్చి, కుట్టినవీ కుట్టనివీ ఖాకీ మూటలన్నీ ఎత్తుకుపోయాడు. మిలిటరీ పని మళ్ళీ ఎన్నడూ రాలేదు. గంజి తాగాం, అమ్మ చెవుల కమ్మలు పోయాయి. న్యాయం గెలిచిందని చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఉన్నదల్లా పచ్చిదాని మేకుకే తగిలించిన ఆ కొత్త దారమే, అది ఉన్నచోటే ఉంది.

ఆ పెళ్ళికూతురు ఊరు వదిలి వెళ్ళలేదు. కడుపుతో ఉన్నప్పుడు వదులు కుర్తా కోసం వచ్చింది, తర్వాత ఒళ్ళు చేసి వచ్చింది, ముసలితనంలో చిక్కిపోయి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆ దారానికే మరో ముడి వేసి, మళ్ళీ మైనం పట్టించాను. మిగతా దారాలు చీకిపోయాయి, ఆ మైనం పుణ్యమా అని ఇదొక్కటి నిలిచి, నా మిషనుతో పాటు మనవరాలి దుకాణానికి వచ్చింది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఏ ముడి ఏ ఏటిదో చెప్పగలిగేదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మా మనవరాలు ఏడెనిమిది మంది పని ఒకేసారి చేస్తుంది, మీదే జరుగుతోందని అందరికీ ఫోన్‌లో చెబుతుంది, ఆ అబద్ధం వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. కొలతలన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయట. వద్దనుకుంటే ఒక్క వేలితో చెరిపేయొచ్చునని చూపించింది కూడా. మంచిదే. కానీ నా రోజుల్లో ఒక మనిషిని తీసెయ్యాలంటే దుకాణంలోకి వచ్చి, నా ముందు నిలబడి, గోడ మీది దారం చూపించి అడగాల్సి వచ్చేది. నేనూ నా మెడలో వేసుకుని జవాబు చెప్పగలిగాను. ఇప్పుడు వేలు అలా కదిలితే, ఎవరు పోయారో చూసేదెవరు, వద్దనేదెవరు?

రంగులేసే అతను, ఏమనుకున్నాడో ఏమో, చిన్న కుంచె తీసుకుని మేకు చుట్టూ జాగ్రత్తగా రంగు వేశాడు. దారానికి చుక్క కూడా అంటలేదు.