దుర్యోధనుడికి ఎంపీ గారి ముక్కు

నా చిన్నప్పుడు నాకు తెలిసిన రాజు ఒక్కడే. ఆయనకు కిరీటం లేదు, నల్ల ఫ్రేము కళ్ళద్దాలు ఉండేవి. గుర్రం లేదు, అంబాసిడర్ కారు ఉందని విన్నాను. ఆయన బొమ్మ మా పల్లెలో రేషనంగడి గోడ మీద, బడి గోడ మీద ఉండేది. బంగారుపాళ్యం బస్టాండులోనైతే ఎక్కడ ఆనుకుని నిలబడితే అక్కడ వీపుకు తగిలేది. ఆయన మా తరఫున ఢిల్లీలో కూర్చునే పార్లమెంటు సభ్యుడు. కూర్చోవడానికి అంత దూరం పోవడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఎక్కాల్లో పదమూడు దగ్గర ఆగిపోయే నాకు ఆయన ముఖం మాత్రం కళ్ళు మూసుకున్నా తప్పుల్లేకుండా వచ్చేది. దోసకాయంత ముక్కు, చీమలు బారులు తీరినట్టు సన్నటి మీసం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.

ఇప్పుడు నాయకుల ముఖాలు మన జేబుల్లోకే వచ్చేశాయి. అప్పుడు గోడల మీదనే ఉండేవి, అందినంత వరకు మేకలు తినేవి. ఏ నాయకుడు ఎంత ఎత్తులో ఉన్నాడో మేకలకు బాగా తెలిసేది.

మా వైపు పల్లెల్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం పూట కథ చెబుతారు. చివరి రోజు పొద్దున, గుడి ముందు మిట్ట మీద మన్నుతో దుర్యోధనుడిని చేసి వెల్లకిలా పడుకోబెడతారు. ముప్పై అడుగుల మనిషి. తొడలో ఎర్రనీళ్ళ కుండ పెట్టి మన్ను కప్పుతారు. భీముడి వేషం కట్టినతను గదతో ఆ తొడ పగలగొడతాడు, ద్రౌపది వేషధారి ఆ ఎర్రనీళ్ళు తలకు రాసుకుని జుట్టు ముడుచుకుంటాడు. అంతే, ఊరంతా ఆ మన్ను మీద పడుతుంది. తట్టల్లో, కొంగుల్లో మోసుకుపోయి చేలల్లో చల్లుకుంటారు. పంట బాగా వస్తుందని నమ్మకం.

ఆ మట్టి మనిషిని చేసేది మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య. ముప్పై ఏళ్ళుగా ఆయనే. దానికి కూలి ఉండదు. ఒక పంచె, ఒక పూలదండ, 'దుర్యోధనుడి తాత' అనే పేరు. ఆ పేరు కోసం ఆయన ఏడాదంతా బతికేవాడు. ఆ ఏడు ఆయనకు కళ్ళకు పొరలు కమ్మాయి. ఎదురుగా వచ్చే మనిషిని గొంతు విని పోల్చుకునేవాడు. ఈ సంగతి మా అవ్వకు, నాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ పని పక్కూరి వాళ్ళకు పోతుందని ఆయన భయం.

ఒళ్ళు, కాళ్ళు, చేతులు ఆయన చేతి అలవాటుతో వచ్చేశాయి. ముఖం దగ్గర చెయ్యి ఆగింది. తెల్లవారి వెలుతురు వస్తూనే నన్ను పక్కకు పిలిచాడు. చుట్టూ తడిక కట్టి ఉంది, లోపల మేమిద్దరమే.

"పాపా, మొగం నువ్వు చెయ్యి. రాజు మాదిరి ఉండాల. ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

పదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద పదవి ఏం కావాలి? రాజు మాదిరి అన్నాడు గనుక నాకు తెలిసిన రాజునే చేశాను. ముక్కుకే మూడు తట్టల మన్ను పట్టింది. ఏటా కొడవళ్ళలా ఉండే మీసానికి బదులు బొగ్గుతో సన్నగా గీత గీశాను. చెంప మీద మచ్చకు కాల్చిన టెంకాయ చిప్ప బోర్లించాను. కళ్ళద్దాలు పెట్టలేదు. దుర్యోధనుడికి కళ్ళద్దాలు ఉండవని తెలిసేంత తెలివి నాకుంది. తాతయ్య వచ్చి ముక్కును తడిమి, "బాగా నిలబడింది మే" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో నేను మరో అంగుళం పొడవు పెంచాను.

తడిక తీశారు. పూజారి వచ్చి సున్నంతో, మసితో కళ్ళు దిద్ది కన్ను తెరిచాడు. మేళం మోగింది. ఒకసారి కన్ను తెరిచాక ఆ మట్టి మనిషిని భీముడి గద తప్ప మరొకరు ముట్టుకోకూడదు. అది మా ఊరి కట్టడి. మిట్ట ఎక్కి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తల వైపు రావడం, చూడడం, ఏదో పని గుర్తొచ్చినట్టు కాళ్ళ వైపు పోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ తల దగ్గర తొక్కిసలాడే జనం ఆ రోజు పాదాల దగ్గర కిక్కిరిసిపోయారు.

అవి దేశంలో ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. ముందు నెలలో పక్కూరి టీ కొట్టాయన ఏదో నవ్వులాటకు అన్న మాటకు జీపు వచ్చి ఎక్కించుకుపోయింది. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆ కొట్లో టీ తప్ప మాట దొరకలేదు. ఇప్పుడు ఇక్కడ ఎవరైనా నోరు తెరిచి "ఈ మొగం ఫలానా ఆయనది" అంటే, అన్నవాడే దోషి అవుతాడు. అందుకని అందరికీ తెలిసింది, ఎవరూ చెప్పలేదు. బందోబస్తుకు జీపులో వచ్చిన ఎస్సై ముఖాన్ని చూశాడు, మళ్ళీ చూశాడు, తర్వాత తల పైకెత్తి మబ్బులున్నాయేమోనని ఆకాశం పరిశీలించాడు.

భారతం జరిపించే కమిటీ పెద్ద చెమటలు తుడుచుకుంటూ తాతయ్య దగ్గరకు వచ్చాడు.

"ఏందప్పా ఇది, ఈ మొగం..."

"మొగానికేం?"

"ఏం లేదు. మొగం మాదిరే ఉండాది. కొంచెం తుడిపేస్తే..."

"కన్ను తెరిచినాక ఎట్ల ముట్టుకుంటాం? తెలీనోడి మాదిరి మాట్లాడతావేంది?"

కమిటీ పెద్ద గొంతు ఇంకా తగ్గించి, "టెంకాయ కొట్టేదానికి ఎంపీ వస్తా ఉండాడు, గంటలో" అని చెప్పి వెళ్ళిపోయాడు. ముఖ్య అతిథి రాకముందే ఆయన ముఖం అతిథిగా వచ్చి పడుకుందన్న సంగతి ఊరంతటిలో మా తాతయ్యకొక్కడికే తెలియదు.

మా అవ్వ వచ్చి ఆయన చెవిలో చెప్పింది.  తాతయ్య నన్ను పిలిచాడు.

"ఎవుర్ని సూసి చేసినావే?"

"రాజును."

"ఏ రాజును?"

"రేషనంగడి గోడ మీద ఉండే రాజును."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తల మీద చెయ్యి పెట్టి, "నా యెనకాల గమ్మున నిలబడు. ఏమడిగినా నోరు తెరవద్దు" అన్నాడు. నన్ను తన పంచె చాటుకు లాగాడు. అప్పుడు నాకు జీపు గుర్తొచ్చింది.

కారు వచ్చింది, దండలు పడ్డాయి. ఎంపీ గారు పాదాల నుంచి మొదలుపెట్టి, మోకాళ్ళు దాటి, పొట్ట దాటి, నవ్వుతూ చేతులు జోడిస్తూ తల దగ్గరకు వచ్చి ఆగిపోయారు. మేళం దానంతట అదే సన్నబడి ఆగింది. ముక్కు ముక్కును చూసింది. పోస్టరులో కంటే ఆయన ముక్కు చిన్నదే. అది చూసి నాకు కొంచెం నిరాశ కలిగింది కూడా.

"ఎవురు చేసినారు..." అని ఆయన మొదలుపెట్టారో లేదో, మాట పూర్తి కాకముందే తాతయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేనే సామీ. ముప్పై యేండ్లుగా నేనే."

"మొగం గూడా?"

"మొగమూ నేనే."

కళ్ళు కనపడవని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవాడు. దుర్యోధనుడి తాత అన్న పేరు పోయేది, అంతే. కానీ తర్వాత ప్రశ్న నా మీదికి వచ్చేది. ఆ లెక్క ఆయన ముందే చూసుకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది ఒకటే, జీపు తాతయ్య కోసం నిలబడి ఉందని. ఆయన పంచె పట్టుకుని ముందుకు వచ్చాను.

"తాత కాదు. తాతకు కండ్లు కనపడవు. నేనే చేసినా."

తాతయ్యను కాపాడబోయి ఆయన ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్క గుక్కలో ఊరందరి ముందు పరిచేశాను. నా జీవితంలో నేను చేసిన మొదటి బహిరంగ ఉపన్యాసం అది. అలాంటిది మళ్ళీ చేయకుండా జాగ్రత్తపడ్డాను.

ఎంపీ గారు వంగి, "నా మొగమే యాల పెట్టినావు పాపా?" అని అడిగారు.

"రాజు మొగం కావాలన్నాడు తాత. గోడల మీద మీదే కదా ఉండాది. ఇంకెవురిదీ నాకు తెలీదు."

ఆయన వెంట వచ్చిన అనుచరుడు ముందుకు దూకాడు. "ఏం మాటలివి? గద దెబ్బ తిని చచ్చేవోడికి అయ్య మొగం పెడతారా?" అని గద్దించాడు. ఎస్సై ఆకాశం నుంచి దిగి వచ్చి టోపీ సర్దుకున్నాడు.

అప్పుడు తాతయ్య మెల్లగా, తొందర లేకుండా, "సామీ, ఒక మాట. మా ఊర్లో పద్దెనిమిది దినాలు అందరూ ధర్మరాజును మొక్కుతారు. కడాకు చేన్లో చల్లుకునేదానికి మాత్రం ఈయప్ప మన్నే మోసకపోతారు. ఇంతవరకు ధర్మరాజు మన్ను ఒక్క పిడికెడు ఎవురూ అడగలేదు" అన్నాడు.

ఎంపీ గారు ముక్కు వైపు చూశారు. జనం వైపు చూశారు. చివరికి అనుచరుడి వైపు తిరిగి, "అన్ని గోడలకూ అంటించొద్దని నేను చెప్పినానా లేదా? సూడు, ఇప్పుడు యాడికొచ్చిందో" అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు హోదా ప్రకారం దిగి వచ్చింది. ఆయన తర్వాత అనుచరుడు, ఆ తర్వాత ఎస్సై, కమిటీ పెద్ద, చివరికి జనం. మేళం వాళ్ళు కూడా నవ్వాకనే నాకు ఊపిరి ఆడింది.

ఇంకొక చిక్కు మిగిలింది. భీముడి వేషగాడు గద ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడి, "కొట్టమంటారా సామీ?" అని ఎంపీ గారిని అనుమతి అడిగాడు. భారత యుద్ధంలో భీముడు దుర్యోధనుడిని అడిగి కొట్టడం అదే మొదలు. "నా కోసం భారతం ఆపొద్దు నాయనా, కొట్టు. తొడనే కదా" అన్నారాయన. గద పడింది, కుండ పగిలింది, ఎర్రనీళ్ళు చిమ్మాయి. పాదాల దగ్గర దాక్కున్న జనమంతా ఒక్కసారిగా ఎగబడ్డారు. ఎంపీ గారు పక్కకు తప్పుకుంటూ, "ఎలచ్చన్లలో గూడా ఇంతమంది నా మింద పడలేదు" అని, ముక్కు మాత్రం తన మామిడి తోటకు ఎత్తిపెట్టమని చెప్పారు. రెండు తట్టలు కారు డిక్కీలోకి ఎక్కించారు. మూడో తట్ట పట్టలేదు. నేను పెంచిన అంగుళం పుణ్యం.

కమిటీ పెద్ద తాతయ్యకు పంచె కప్పి దండ వేశాడు. కళ్ళ సంగతి ఎత్తుతాడేమోనని మా అవ్వ బిగుసుకుపోయి చూస్తోంది. ఆయన కాసేపు నసిగి, "ఒళ్ళు నువ్వు చెయ్యి, మొగం పాప చేస్తాది. మన్ను ముట్టేదానికి ఆడపిల్ల అయితే ఏం?" అన్నాడు. "అయితే ముందుగా నాకు సూపియ్యాల" అని కూడా అన్నాడు. నా మీద అంత నమ్మకం.

ఇంటికి నడిచి వస్తూ ఎంపీ మంచోడా అని తాతయ్యను అడిగాను. 

"ఈ పొద్దు మంచోడే. ఇంతమంది సూస్తా ఉంటే మంచిగుండేది కష్టం కాదు. ఎవురూ లేనప్పుడు ఏం చేసుంటాడో నాకు తెలీదు. కానీ తన మొగం మన్నులో సూసి నగినాడు. ఆ మట్టుకు ఆయప్ప గొప్పే."

కొంత దూరం పోయాక మరొకటి అడిగాను. చెయ్యకుండానే చేసినానని ఎందుకు చెప్పినావని. ఆయన ఆగి, నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"మన్ను తడిపింది నేను. నీ చేతికిచ్చింది నేను. మొగం మట్టుకు నాది కాదంటే ఎట్ల?"

ఆ తర్వాత నేను చాలామంది నాయకులను చూశాను, ఓట్లు వేశాను, కొన్నిసార్లు వేసిన చెయ్యిని చూసుకుని నవ్వుకున్నాను. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు మాట్లాడుతుంటే నేను రెండే చూస్తాను. తన మీద జోకు పడ్డప్పుడు ముఖం ఎలా ఉంది, తప్పు జరిగినప్పుడు వేలు ఎటు వైపు చూపిస్తోంది. మొదటిదాంట్లో ఆ రోజు ఎంపీ గారు నెగ్గారు. రెండోదాంట్లో నాకు తెలిసిన దేశ నాయకుడు మా తాతయ్యే. ఆయన దేశం ముప్పై అడుగుల పొడవు, అదీ ఒక్క పూట.

దేశాన్ని నడిపే అవకాశం నాకు రాలేదు, అది దేశం అదృష్టం. ఒక హైస్కూలును మాత్రం పదకొండేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా నడిపాను. తనిఖీకి వచ్చిన అధికారి ఏదో ఒక కాగితం ఎత్తి, "ఇది ఎవరు చేశారు?" అనేవాడు. నా వెనకాల నిలబడ్డ కొత్త టీచరో, గుమాస్తానో ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది. అడిగినాయన మాట పూర్తి కాకముందే నా నోట్లోంచి "నేనేనండి" అని వచ్చేసేది. అందులో సగం సార్లు తప్పు నిజంగా నాదే. మిగతా సగం సార్లు చేసింది వేరేవాళ్ళే గాని, వాళ్ళ చేతికి మన్ను తడిపి ఇచ్చింది నేనే.