సినిమాలో చచ్చిపోయినావిడ

నా చిన్నప్పుడు, ఏడేళ్ల వయసులో, మా అవ్వ, నన్ను కన్నతల్లి, జ్వరంతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా తెలిసేది కాదు. మాది హుజూరాబాద్ దగ్గర మగ్గాల ఇల్లు. బాపు, మా నాన్న, నేస్తుంటే అవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఆమె సగం చుట్టిన కండె రాట్నానికే ఉండిపోయింది. దాన్ని నేనెవరినీ ముట్టనివ్వలేదు. దేవుని దగ్గరికి పోయింది, మళ్లీ వస్తుంది అని ఇంటిల్లిపాదీ చెప్పారు మరి! వచ్చి చుట్టుకోవద్దూ? బాపు పక్కింట్లో కండెలు అడిగి తెచ్చుకుని నేసేవాడు.

అంతకుముందే పక్కింటి అక్క నన్ను డేరా టాకీసుకు తీసుకెళ్లింది. అందులో తల్లి వేషం వేసినావిడ చచ్చిపోతే జనమంతా ముక్కులు చీదారు. చిన్ననాటి నుంచి నాటకాలాడి, సినిమాల్లో తల్లి వేషాలతోనే పేరు తెచ్చుకుందట. అవ్వ పోయిన ఆ వానాకాలమే గోదావరి పొంగి ఊళ్లు మునిగితే, షూటింగులు మానుకుని, మునిగినవాళ్ల కోసం బట్టలు అడుగుతూ ఊరూరా తిరుగుతూ మా వాడకూ వచ్చింది. జోలె పట్టుకుని బురదలో గడప గడపకూ నిలబడింది.

చచ్చినావిడ నడిచొస్తోంది! నాకింకేం కావాలి? ఎదురుపోయాను.

"నువ్వు సచ్చిపోయినవ్ గద, ఎట్లొచ్చినవ్? మా అవ్వ ఎప్పుడొస్తది?"

పక్కింటి అక్క నా నోరు మూయబోయింది. "వస్తది బిడ్డా, జర ఆగు" అంది. సినిమా ఆవిడేమో అక్క చెయ్యి తీసేసి, జోలె పక్కవాళ్లకిచ్చి, బురదలోనే నా ముందు కూర్చుంది.

"నాది ఉత్తుత్తి చావమ్మా, వేషం. మీ అమ్మ నిజంగా పోయింది. ఇక రాదు."

తెర మీద అందరినీ అంత ఏడిపించిన మనిషి కంట్లో చుక్క నీరు లేదు. నాకూ లేదు.

"ఏడుపొస్తలేదు. అందరు రాతి గుండె అంటున్నరు" అన్నాను.

"మా అమ్మ పోయినప్పుడు నాకూ రాలేదు" అంది. వెనక ఆమె వచ్చిన జీపు హారన్ కొడుతున్నా నా చెయ్యి వదలకుండా కూర్చుంది.

అవ్వ పెట్టెలోని ఆకుపచ్చ చీర తెచ్చి ఆ జోలెలో వేశాను. ఆ సాయంత్రం రాట్నం ముందు కూర్చుని, అవ్వ వదిలిన పోగు అందుకుని, కండె నిండా చుట్టి బాపుకిచ్చాను. బాపు దాన్ని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి నేశాడు.

మొన్న మా ముసలాయన పోయినప్పుడు, తాత ఎప్పుడొస్తడని మనవడు అడిగాడు. కోడలు ఏదో సర్దిచెప్పబోయింది. ఈ పాడు మోకాళ్లతో కూర్చుంటే లేవలేను, అయినా వాడి ముందు కింద కూర్చున్నాను.

"రాడు బిడ్డా" అన్నాను. వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.