పెత్రమాస నాడు గడియ పెట్టాను

నాకు ఎనిమిదేళ్ళప్పుడు... సూరత్‌ పాండేసరలో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మా బాపు, అంటే నాన్న, పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. ఆ యేడు ఎండాకాలంలో కామెర్లతో పోయాడు.

పెత్రమాస వచ్చింది... బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పోయినవాళ్ళకు అన్నం పెట్టే రోజు. అమ్మ పొద్దున్నే గారెలు చేసింది, కోడికూర వండింది. బాపుకు కల్లంటే ప్రాణం. గుజరాత్‌లో కల్లెక్కడిది! గ్లాసులో మజ్జిగ పోసి, పక్కన బీడీకట్ట పెట్టింది.

"బాపు ఇయ్యాల అస్తడు బిడ్డా. తలుపు తెరిచే ఉంచు, నేను కాకికి పెట్టొస్త" అని మేడ మీదికి పోయింది.

చచ్చిపోయినవాళ్ళు భూతాలై వస్తారని గల్లీ పిల్లలు అప్పటికే నా చెవిలో ఊదారు. అమ్మ మెట్లెక్కిందో లేదో నాకు చెమటలు పట్టాయి. లేచి తలుపు వేసి గడియ పెట్టేశాను...

అమ్మ వచ్చి బాదితే గానీ తీయలేదు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గడప మీద కూలబడింది.

"గంత దూరం నుంచి అచ్చినోడు బయటి నుంచే మర్లిపోయిండో ఏమో..."

మొన్న మా పాప సూరత్ పక్కనున్న కామ్‌రేజ్‌లోని బడి నుంచి అస్థిపంజరం మాస్క్ తెచ్చుకుంది. హాలోవీన్ అట! మేడం చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వేల ఏళ్ళ కింద ఐర్లండ్ వైపు కెల్టులనే జనం ఉండేవాళ్ళట... పంటలు ఇంటికొచ్చి చలి మొదలయ్యే వేళ చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మేవాళ్ళట. మంటలు వేసి, తిండి పెట్టి, ముఖాలకు ముసుగులు తొడుక్కునేవాళ్ళట.

"ముసుగులెందుకే?" అన్నాను.

"ఆత్మలు పహచాన్ చెయ్యొద్దని, గుర్తుపట్టొద్దని మమ్మీ. ఆ జనాలకు డర్ ఉండె."

"సొంతోళ్ళకు గూడ భయపడ్డరా?"

"హా మమ్మీ. తిండి పెట్టేటోళ్ళే భయపడేటోళ్ళు."

ఆ కాలంలోనూ ఎవరి బిడ్డో నాలాగే తలుపేసుకుని ఉంటుంది అనిపించింది... అయినా మనసు కుదుటపడలేదు. ముప్పై ఏళ్ళయింది. అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తప్పయిందమ్మా అని నేనూ అనలేదు.

ఇప్పటి పిల్లలకు దయ్యాలంటే చాక్లెట్లు, ఫోటోలు... మీలో ఎవరైనా నాలాగా సొంతవాళ్ళకే భయపడ్డారా? దాచుకోకండి, కింద రాయండి.

పాప ఆ మాస్క్ నా ముఖానికి పెట్టబోయింది. వద్దన్నాను. బాపు చూసిన నా ముఖం ఎనిమిదేళ్ళది... ఇప్పుడొస్తే, ఉత్త ముఖంతో ఉన్నా నన్ను గుర్తుపడతాడో లేదో.