న్యాల్‌కల్ కంది చేలో కూలిన శిక్షణ విమానం

విమానాల తనిఖీ అధికారిగా అది నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది. నవంబరులో ఒక సోమవారం, వెంటనే జహీరాబాద్ వెళ్లమని హైదరాబాదు కార్యాలయంలో ఉత్తర్వు చేతికిచ్చారు. న్యాల్‌కల్ దగ్గర కంది చేలో రెండు సీట్ల శిక్షణ విమానం కూలింది. శిక్షకుడు కెప్టెన్ మూర్తి చనిపోయారు. పక్క సీట్లో ఉండి విమానం నడిపిన సనా అనే ఇరవయ్యేళ్ల విద్యార్థిని కాలు విరిగి జహీరాబాద్ ఆసుపత్రిలో ఉంది. మూర్తి గారితో నాకు ఇరవయ్యేళ్ల స్నేహం. అయినా ప్రాథమిక దర్యాప్తు నాకే అప్పగించారు.

కూలిన విమానం దగ్గర మేం మొదట చేసే పని వాసన చూడటం. అక్కడ పెట్రోలు వాసనే లేదు. కంది మొక్కలు విరిగాయి గాని ఒక్క ఆకు కూడా మాడలేదు. రెక్కల్లోని టాంకులు పగలలేదు, వాటిలో గ్లాసెడు ఇంధనం కూడా లేదు. చేను యజమాని శివరాజప్పను అడిగాను.

"మా బాయికాడి ఇంజిన్ల డీజిల్ అయిపోతె ఎట్ల దగ్గుతదో, గట్లనే రెండుసార్లు దగ్గింది సార్. మల్ల సప్పుడే లేదు. మేం ఉరికొచ్చే సరికి పెద్దాయనకు జర పానం ఉండె. మా చేతులల్లనే పోయిండు."

ఇంధనం అయిపోయిందని తేలింది. ఎందుకు అయిపోయిందన్నదే ప్రశ్న. చిన్న విమానాల్లో ఇంధనం చూపే ముల్లు తరచూ తప్పు చూపుతుంది. అందుకే బయలుదేరే ముందు విద్యార్థి రెక్క దాకా ఎక్కి, టాంకు మూత తీసి, గీతలున్న కొలకర్రను ముంచి చూస్తాడు. ముల్లును నమ్మకు, కర్రను నమ్ము. మా వృత్తిలో మొదటి పాఠం అదే. సనా కొలిచి రాసిన లెక్క ప్రకారం నాలుగు గంటలకు సరిపడా ఇంధనం ఉండాలి. ఇంజను రెండున్నర గంటలకే ఆగింది. ఎక్కడా కారిన జాడ లేదు.

ఆసుపత్రిలో సనా పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది.

"ముల్లు అడుగుకొచ్చిందని కెప్టెన్ సాబ్‌కు చూపించిన సార్," అంది సనా. "కర్ర నువ్వే చూసినవు కద, ఇంకా గంటన్నర ఉంది, ఫికర్ చెయ్యకు అన్నరు." గోడవైపు తిరిగి అడిగింది: "కెప్టెన్ సాబ్‌ను నేనే సంపిన్నా?"

"చుప్ బేటీ" అంటూ తల్లి భోరుమంది. దర్యాప్తు ముగిసేదాకా అభిప్రాయం చెప్పకూడదన్నది నిబంధన. దాని చాటున తలదాచుకుని బయటపడ్డాను.

మర్నాడు శిక్షణ సంస్థ షెడ్డుకు వెళ్లాను. వాళ్లకు ఒకే రకం విమానాలు రెండుండేవి, కూలినదానికి చిన్న టాంకులు, రెండోదానికి పెద్దవి. రెండింటి కొలకర్రలూ గోడకు ఒకే మేకుకు వేలాడుతున్నాయి. ఒకే పొడుగు, ఒకే కలప. ఏది దేనిదో తెలిపే రంగు అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. పెద్ద టాంకు కర్రను చిన్న టాంకులో ముంచితే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. పాపం, ఆ పిల్ల చేతికొచ్చిన కర్ర తీసుకుంది. ఆ రోజు ముల్లు చెప్పిందే నిజం.

ఆ మేకును నేను అంతకుముందే చూశాను. ఏడు నెలల కిందట వార్షిక తనిఖీకి వచ్చి, "మూర్తి గారూ, వీటి మీద పేర్లు రాయించండి, ఎప్పటికైనా కొంప ముంచుతాయి" అన్నాను. రేపే రాయిస్తానని ఆయన నవ్వి చాయ్ తెప్పించారు. ఇంత చిన్నదానికి స్నేహితుడి మీద మచ్చ ఎందుకని నివేదికలో రాయలేదు. రాసి ఉంటే, సరిదిద్దినట్టు రుజువు చూపేదాకా ఆ విమానం కదిలేది కాదు.

ఈ సంగతంతా కాగితం మీద పెట్టి దర్యాప్తు నుంచి తప్పుకున్నాను. సాక్షి అయినవాడు విచారణ చేయకూడదు. తర్వాత పై అధికారి అనుమతి తీసుకుని సనా దగ్గరికి వెళ్లి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

"గా దినమే రాస్తె అయిపోతుండె కద సార్," అంది.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. కాలు అతికింది గాని ఆమె మళ్లీ విమానం ఎక్కలేదని విన్నాను.

తనిఖీలో కంటపడిన లోపాన్ని నోటితో చెబితే చెప్పినట్టు కాదు, రాయాలి. ఎదుటివాడు స్నేహితుడైతే అతని ముందే కూర్చుని రాయాలి.