నిమ్మరసం అణచిన చప్పుడు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు నన్ను వేలూరులో మా ఆసుపత్రి మానోమెట్రీ గదికి సీనియర్ టెక్నీషియన్‌గా మార్చారు. ముక్కులోంచి చిన్నపేగు దాకా సన్నని గొట్టం దింపి, కడుపూ పేగూ ఎంత బలంగా ముడుచుకుంటున్నాయో కొలవడం అక్కడి పని. పేగు మొదట్లో ఆమ్లం ఎంతుందో చూపే సెన్సారు కూడా గొట్టానికి ఉంటుంది.

ఆ ఏడాదే గుడియాత్తం నుంచి కనక అనే నేతగత్తె వచ్చింది. మగ్గం ఆగితే చాలు, ఆమె కడుపులో గుర్రుమనే చప్పుడు పక్కవాళ్లకు వినబడేదట. ఒక పూజారి అది దెయ్యం గొంతన్నాడు. పగలంతా పస్తులుంచాడు. ఆసుపత్రి మిషనుకు ఆ చప్పుడు దొరక్కపోతే దెయ్యమే ఖాయమనీ, కోడలిని మోర్ధానాలో పుట్టింట వదిలేస్తాననీ అత్త మునెమ్మ తేల్చి చెప్పింది.

ఖాళీ కడుపులో గంటన్నర, రెండు గంటలకోసారి ముడుచుకునే కదలిక బలమైన అలలా పుట్టి, మిగిలిన తుక్కును పేగు వెంట ఊడ్చుకుపోతుంది. చప్పుడు దానిదే. ఆకలితో మాడ్చేకొద్దీ ఎక్కువసార్లు వినబడుతుంది. ఆ పూజారి చేసిన వైద్యం అది!

కనకకు గొట్టం దింపి నాలుగు గంటలు చూశాం. కడుపులో ఒక్క అల కూడా లేదు. "చూసినారా నాయనా, మీ మిషనుకు చిక్కలేదు" అంది మునెమ్మ. డాక్టరుగారు అలలు లేవని రిపోర్టు రాయమన్నారు. నేను రాయనన్నాను. ఆమ్లం గీత పదేపదే పడిపోయి ఉంది; ఆ గీత పడిందంటే పేగులో ఆమ్లం పెరిగినట్టు.

"ఏం తాగించినావమ్మా?" అని మునెమ్మను అడిగాను.

"నిమ్మరసం. సామి మంత్రించి ఇచ్చినాడు. నలుగురిలో అది అరిస్తే పరువు యాడ ఉంటాది?"

పేగు మొదట్లో ఆమ్లం చేరితే కడుపులో ఆ అల మొదలవదు. రసం పనిచేసిన మాట నిజం. ఆ నిజాన్ని మంత్రం ఖాతాలో వేసుకుని ఒక మనిషిని ఇల్లు దాటించబోయాడు వాడు. నాకు ఒళ్లు మండింది. రోగిని వదిలి పక్కగదికి వెళ్లిన నా మీదా మండింది.

మర్నాడు మునెమ్మ దగ్గర నిమ్మరసం సీసా లాక్కుని మళ్లీ పరీక్ష పెట్టాను. తెర మీద అల లేచింది, చప్పుడూ వచ్చింది. గీతను మునెమ్మకు చూపిస్తుండగానే, పొద్దున్నుంచి ఏమీ తినని ఆమె కడుపూ గుర్రుమంది.

గొట్టంతోనే కనక అంది: "అత్తా, నీకూ దెయ్యం పట్టుండాది. సామిని పిలిపిద్దామా?"

"నోరు మూసుకో" అంది మునెమ్మ. నా వైపు తిరిగి అడిగింది: "గొట్టం తీసినాక దీనికి ఇడ్లీ పెట్టొచ్చా నాయనా?"

అప్పటినుంచి పరీక్ష జరుగుతుండగా రోగి నోట్లో ఎవరు ఏం పోశారో రాసే వరుసను ఫారంలో చేర్చాను. మందు పనిచేసినంత మాత్రాన ఇచ్చినవాడు చెప్పిన కారణం నిజమైపోదు. ఆ కారణాన్ని విడిగా పరీక్షించాలి, పూజారిదైనా డాక్టరుదైనా.